యుద్ధ విమానాల నిర్మాణ పదార్థాలు

పోరాట విమానాల చట్రం, రెక్కలు, పైపొర, ఇంజిన్, ఇంధన ట్యాంకు, పైలట్ గది నిర్మాణంలో వాడే చెక్క, బట్ట, లోహాలు, ప్లాస్టిక్కులు, రబ్బరు, కర్బన నారలను కలిపి యుద్ధ విమాన నిర్మాణ పదార్థాలు అంటారు. విమానం ఎంత వేగంగా పోగలదు, ఎంత ఎత్తుకు ఎక్కగలదు, ఎన్ని తూటాలు తగిలినా తిరిగి రాగలదు అన్నవి ఇంజిన్ మీద ఎంత ఆధారపడతాయో ఈ పదార్థాల మీదా అంతే ఆధారపడతాయి. యుద్ధకాలంలో దీనికి మరో లెక్క తోడవుతుంది. అన్నిటికన్నా మేలైన పదార్థం ఏదన్నది ఒక ప్రశ్న అయితే, వేల విమానాలకు సరిపడా చేతికి అందేది ఏదన్నది దానికన్నా పెద్ద ప్రశ్న. చరిత్రలో చాలా విమానాల రూపాన్ని ఈ రెండో ప్రశ్నే తేల్చింది.

తెలుగు నేలకు ఈ చరిత్రతో నూరేళ్లకు పైబడిన సంబంధం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం కానుకగా ఇచ్చిన విమానాలు చెక్కతో, బట్టతో చేసినవి. రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ పేరు పెట్టుకున్న రెండు బ్రిటిష్ పోరాట విమాన స్క్వాడ్రన్లలో ఒకటి ఉక్కు గొట్టాల మీద బట్ట కప్పిన హరికేన్లను, మరొకటి పూర్తి లోహపు స్పిట్‌ఫైర్లను నడిపింది. ఇప్పుడు హైదరాబాద్‌లోని కంచన్‌బాగ్‌లో టైటానియం, నికెల్ మిశ్రమ లోహాలు తయారవుతున్నాయి. డబ్బిచ్చి పేరు పెట్టించుకున్న స్థితి నుంచి లోహాన్ని స్వయంగా కరిగించి పోసే స్థితికి ఒక ఊరు చేరిన తీరు ఈ పదార్థాల చరిత్రలోనే కనిపిస్తుంది.

కావలసిన గుణాలు

విమానానికి పనికొచ్చే పదార్థం గట్టిగా ఉంటే చాలదు, తేలిగ్గానూ ఉండాలి. ఒక ఘన సెంటీమీటరు ఉక్కు 7.8 గ్రాములు తూగితే, టైటానియం 4.5, అల్యూమినియం 2.7, కర్బన నార మిశ్రమం సుమారు 1.6 గ్రాములు తూగుతాయి. విమానాలకు వాడే స్ప్రూస్ చెక్క అర గ్రాము కూడా ఉండదు. కాబట్టి బలాన్ని బరువుతో భాగించి చూసినప్పుడు మంచి చెక్క చాలా లోహాలతో సరితూగుతుంది. తొలి విమానాలను చెక్కతో చేయడానికి ఇదే కారణం.

దీనితోపాటు మరికొన్ని గుణాలు చూస్తారు. ఒకే చోట లక్షల సార్లు వంగి లేచినా పగలకూడదు. తేమకు, ఉప్పుగాలికి తుప్పు పట్టకూడదు. వేడికి మెత్తబడకూడదు. తూటా తగిలి చిల్లు పడితే ఆ చిల్లు అక్కడే ఆగాలి, చీలికగా పాకకూడదు. చివరిగా, మామూలు పనివాళ్లు మామూలు పనిముట్లతో మలచగలిగేలా ఉండాలి. ఈ గుణాలన్నీ ఒకే పదార్థంలో దొరకవు. అందుకే ఒక్కో భాగానికి ఒక్కో పదార్థాన్ని ఎంచుకుంటారు.

చెక్క, బట్ట

మొదటి ప్రపంచ యుద్ధపు విమానం ప్రధానంగా వడ్రంగి పని. పొడవాటి దూలాలకు స్ప్రూస్, దెబ్బ ఎక్కువగా తగిలే చోట యాష్ కర్ర వాడేవారు. వాటి మధ్య ఉక్కు తీగలను బిగించి చట్రాన్ని నిలబెట్టేవారు. ముడి లేని, సూటి పోగున్న స్ప్రూస్ కోసం 1917-18లో అమెరికా తన వాయవ్య తీరపు అడవుల్లో వేల మంది సైనికుల చేత చెట్లు కొట్టించింది.

చట్రం మీద కప్పేది అవిసె నార బట్ట. ఐర్లండ్‌లో నేసిన బట్టకు మంచి పేరు ఉండేది. ఆ పని దగ్గరగా చూడదగ్గది. ముందు బట్టను రెక్క మీద పరిచి, అంచులు కుట్టి, ప్రతి పక్కటెముక వెంబడి పొడవాటి సూదితో దారాన్ని పైనుంచి కిందికి దించి ముడి వేసేవారు. గాలి రెక్క మీది బట్టను పైకి లాగుతుంది కాబట్టి ఈ కుట్లు ఊడితే రెక్క ఊడినట్టే. ఆ తర్వాత సెల్యులోజ్ సమ్మేళనాన్ని ద్రావకంలో కరిగించిన డోప్ అనే పూతను కుంచెలతో పొరలు పొరలుగా పూసేవారు. పూత ఆరుతూ బట్టను లాగి, డప్పు తోలులా బిగించేది. ఎండకు బట్ట పాడవకుండా పై పూతలో రంగు పొడి కలిపేవారు. యుద్ధం తొలి ఏళ్లలో బ్రిటన్‌లో వాడిన ఒక ద్రావకం ఆవిరికి డోప్ గదుల్లోని కార్మికులు కామెర్ల బారిన పడ్డారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. తర్వాత ఆ ద్రావకాన్ని మార్చారు. యుద్ధ విమానాల చరిత్రలో ఈ కార్మికులకూ చోటు ఉండాలి.

బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్ ఇలాంటి విమానాలతోనే 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరింది. దాని డి హావిలాండ్ డి.హెచ్.9ఎ విమానాలు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుక. ప్రతి విమానం మీదా నిజాం పేరు రాసి ఉండేది. అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు వచ్చింది. డి.హెచ్.9ఎ పోరాట విమానం కాదు, పగటి వేళ బాంబులు వేసే విమానం. అయినా నిర్మాణంలో ఆనాటి పోరాట విమానాల కోవలోదే. చెక్క చట్రం, ముందు భాగంలో ప్లైవుడ్, మిగతా అంతా డోప్ పూసిన బట్ట, 400 అశ్వశక్తి లిబర్టీ ఇంజిన్ దాని ప్రధానాంగాలు. వాటిలో ఎఫ్1010 అనే సంఖ్య గల విమానం 1918 అక్టోబరు 5న జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలోకి, అక్కడినుంచి రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్‌కు చేరి, 1977లో లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియానికి తిరిగొచ్చింది. హైదరాబాద్ పేరున్న ఆ విమానాన్ని ఇప్పటికీ అక్కడ చూడవచ్చు.

బట్ట కప్పిన చిన్న విమానాలు ఇప్పటికీ ఎగురుతున్నాయి. వాటిలో అవిసె, నూలు బట్టల స్థానాన్ని పాలిస్టర్ తీసుకుంది.  వేడి తగిలితే ముడుచుకునే పాలిస్టర్ గుణం విమానాల పనికి బాగా కలిసొచ్చింది. చట్రం మీద అతికించిన బట్టను ఇస్త్రీపెట్టెతో జాగ్రత్తగా వేడి చేసి బిగిస్తారు. పూర్వం డోప్ చేసిన పనిలో సగం ఇప్పుడు వేడి చేస్తుంది. 

ఉక్కు గొట్టాలు

రెండు యుద్ధాల మధ్య కాలంలో చెక్క చట్రం స్థానంలోకి ఉక్కు గొట్టాలు వచ్చాయి. 1935 నవంబరు 6న తొలిసారి ఎగిరిన హాకర్ హరికేన్ దీనికి చక్కని ఉదాహరణ. గుండ్రటి గొట్టాల కొసలను చదరంగా నొక్కి, లోహపు పలకలతో, బోల్టులతో కలిపేవారు. వెల్డింగ్ అవసరం ఉండేది కాదు. ఆ చట్రం చుట్టూ చెక్క బద్దలు అమర్చి, వెనక భాగమంతా డోప్ పూసిన బట్ట కప్పేవారు. మొదట్లో రెక్కలకూ బట్టే ఉండేది. యుద్ధం మొదలయ్యే నాటికి వాటికి లోహపు పైపొర వచ్చింది.

ఈ పాతకాలపు పద్ధతే హరికేన్‌కు బలమైంది. బట్ట ఉన్న చోట తూటా ఒకవైపు దూరి మరోవైపు పోయేది. స్క్వాడ్రన్‌లోని మెకానిక్కులే బట్ట ముక్క అతికించి, పూత పూసి మళ్లీ ఎగరేసేవారు. వంగిన గొట్టాన్ని విప్పి కొత్తది బిగించేవారు. 1940 నాటి బ్రిటన్ సమరంలో ఎక్కువ శత్రు విమానాలను కూల్చింది హరికేన్లే. ఆ సమరంలో కెన్లీ నుంచి పోరాడిన 253వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్టేట్ స్క్వాడ్రన్ అని పేరు.

అదే కాలంలో హైదరాబాద్‌లోని బేగంపేటలో కొత్త పైలట్లకు తొలి పాఠాలు నేర్పిన టైగర్ మాత్ విమానాలూ ఈ కోవలోవే. ఉక్కు గొట్టాల శరీరం, చెక్క రెక్కలు, పైన బట్ట.

డ్యూరాలుమిన్ యుగం

స్వచ్ఛమైన అల్యూమినియం మెత్తనిది. దాన్ని విమానాలకు పనికొచ్చేలా చేసినవాడు జర్మన్ లోహ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ విల్మ్. సుమారు 4 శాతం రాగి, కొద్దిగా మెగ్నీషియం, మాంగనీసు కలిపిన అల్యూమినియాన్ని వేడి చేసి నీళ్లలో ముంచితే, అది వెంటనే కాక తర్వాతి రోజుల్లో దానంతటదే గట్టిపడుతోందని 1906లో ఆయన గమనించాడు. కరిగి ఉన్న రాగి మెల్లగా వేరుపడి లోహపు స్ఫటికాల్లో అతి చిన్న రేణువులుగా ఏర్పడి, స్ఫటికపు పొరలు జారకుండా అడ్డుకోవడమే దీనికి కారణం. డ్యూరెన్ పట్టణం పేరుమీద దానికి డ్యూరాలుమిన్ అనే పేరు వచ్చింది.

ఈ గుణం కర్మాగారంలో విచిత్రమైన ఏర్పాటుకు దారితీసింది. రివెట్లను వేడి చేసి ముంచాక కొద్దిసేపు మాత్రమే మెత్తగా ఉంటాయి. ఆలోపు కొట్టకపోతే గట్టిపడి పగులుతాయి. అందుకని వాటిని ముంచిన వెంటనే మంచు పెట్టెల్లో ఉంచి, కావలసినన్ని మాత్రమే బయటికి తీసి కొట్టేవారు. రెక్కకు బిగిసిన తర్వాత అవి మెల్లగా పూర్తి బలం పుంజుకునేవి.

డ్యూరాలుమిన్ రేకుతో మరో పెద్ద మార్పు వచ్చింది. బట్ట గాలిని అడ్డుకుంటుందే తప్ప బరువు మోయదు. లోహపు రేకు పైపొరగా ఉంటూనే భారాన్ని పంచుకుంటుంది. లోపల తీగలు, అడ్డకర్రలు అక్కర్లేదు. రెక్క పలుచబడింది, వేగం పెరిగింది. 1936 మార్చి 5న తొలిసారి ఎగిరిన స్పిట్‌ఫైర్ ఈ పద్ధతికి ప్రతీక. దాని దీర్ఘవృత్తాకారపు రెక్క అందంగా ఉన్నంత కష్టంగానూ ఉండేది. రెండు వైపులా వంపు తిరిగిన రేకులను మలచడానికి నిపుణులు, ప్రత్యేక యంత్రాలు కావలసి వచ్చి మొదట్లో ఉత్పత్తి చాలా ఆలస్యమైంది. అంత ఆధునికమైన స్పిట్‌ఫైర్‌కు కూడా రెక్క అంచున కదిలే పలకల మీద తొలుత బట్టే ఉండేది. ఎక్కువ వేగంలో ఆ బట్ట ఉబ్బి నియంత్రణ బిగుసుకుపోతుంటే, వాటినీ లోహంతో చేశారు. వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ హైదరాబాద్ స్క్వాడ్రన్ తన చిహ్నంలో నిజాం తలపాగాను ధరించింది. తర్వాత అది బర్మా రంగంలోనూ పోరాడింది.

డ్యూరాలుమిన్‌కు తుప్పు సమస్య ఉంది. దానికి విరుగుడుగా రేకుకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పలుచని పొరను అతికించారు. జపాన్‌లో సుమిటోమో సంస్థ 1936లో జింకు కలిపిన మరింత బలమైన మిశ్రమాన్ని తయారుచేసింది. ఆ దేశపు జీరో పోరాట విమానపు ప్రధాన దూలాన్ని దానితోనే చేశారు. జీరో తేలికదనానికి అది తోడ్పడింది. అయితే బరువు తగ్గించే తపనలో పైలట్ వెనక కవచాన్ని, తూటా తగిలినా మూసుకుపోయే ఇంధన ట్యాంకులను వదిలేసిన ఫలితాన్ని జపాన్ పైలట్లు ప్రాణాలతో చెల్లించారు.

అల్యూమినియం అందరికీ చాలినంత లేదు. 1940 జులైలో బ్రిటన్ ప్రభుత్వం గృహిణులను గిన్నెలు, మూకుళ్లు ఇవ్వమని కోరింది. 1941లో జర్మన్ల దాడితో సోవియట్ యూనియన్ తన అల్యూమినియం ఉత్పత్తిలో పెద్ద భాగాన్ని పోగొట్టుకుని మిత్రదేశాల సరఫరా మీద ఆధారపడింది. భారతదేశంలో 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ తోడ్పాటుతో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ స్థాపించినప్పుడు దేశంలో అల్యూమినియం కరిగించే పరిశ్రమ ఇంకా నిలదొక్కుకోలేదు. కేరళలోని ఆలువాలో ఆ పని మొదలైంది 1943లో.

మళ్లీ చెక్క

లోహపు కొరతే చెక్కను మళ్లీ పైకి తెచ్చింది. 1940 నవంబరు 25న ఎగిరిన డి హావిలాండ్ మస్కిటోలో బాల్సా చెక్కకు రెండు పక్కలా బర్చ్ ప్లైవుడ్ పొరలు అతికించేవారు. శరీరాన్ని రెండు సగాలుగా అచ్చుల మీద మలిచి, లోపలి తీగలు, గొట్టాలు అమర్చి, ఆ తర్వాత సగాలను జోడించేవారు. ఫర్నిచర్ చేసే కార్ఖానాలు, పియానో పనివాళ్లు ఈ ఉత్పత్తిలోకి వచ్చారు. విమాన కర్మాగారాల్లో లేని నైపుణ్యం వడ్రంగుల దగ్గర దొరికింది. రాత్రి పూట శత్రు విమానాలను వేటాడటంలో మస్కిటో పోరాట రూపాలు పేరు తెచ్చుకున్నాయి.

ఇక్కడ అసలు పరీక్ష జిగురుది. పాల నుంచి తీసిన కేసీన్ జిగురు తేమకు ఓర్చుకోదు. తర్వాత వాడిన యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు దానికన్నా నయం. 1944 చివర్లో భారతదేశంలోని మస్కిటోల రెక్కలు వదులై ప్రమాదాలు జరిగితే, ఆ నవంబరులో వాటిని నేలకు దించి పరిశీలించారు. జిగురు లోపాలు, కర్మాగారంలో జరిగిన పని లోపాలు, మన ఎండ, వానకాలపు తేమ అన్నీ చర్చకు వచ్చాయి. సమశీతోష్ణ దేశంలో చేసిన విమానం మన వాతావరణంలో వేరే విమానమవుతుందని ఆ ఉదంతం చూపింది. సోవియట్ లాగ్-3లో రెసిన్ నింపిన బర్చ్ చెక్క వాడారు. బలంగా ఉన్నా బరువు ఎక్కువైంది. జర్మనీ హైంకెల్ 162 జెట్ విమానం 1944 డిసెంబరు 10న అతుకు ఊడి కూలిపోయింది.

ఇంజిన్‌లోని లోహాలు

పిస్టన్ ఇంజిన్ల కాలంలో క్రాంక్ దండానికి నికెల్, క్రోమియం కలిపిన ఉక్కు, పిస్టన్లకు, ఇంజిన్ దిమ్మెకు అల్యూమినియం మిశ్రమాలు సరిపోయేవి. జెట్ ఇంజిన్ రాకతో అసలు సమస్య మొదలైంది. ఎర్రగా కాలుతూ నిమిషానికి వేల చుట్లు తిరిగే టర్బైన్ రెక్కలు మెల్లగా సాగిపోతాయి. బ్రిటన్‌లో 1940ల తొలి ఏళ్లలో తయారైన నిమోనిక్ అనే నికెల్ మిశ్రమ లోహాలు ఈ సాగుబాటును అరికట్టాయి. నికెల్, క్రోమియం చాలినంత దొరకని జర్మనీ మెసర్‌ష్మిట్ 262కు వాడిన జుమో 004 ఇంజిన్‌లో ఉక్కు రేకును మలిచి బోలు రెక్కలు చేసి, వాటి లోపలికి చల్లని గాలి పంపింది. ఆలోచన గొప్పదే. కానీ ఇంజిన్ ఆయుష్షు పది నుంచి ఇరవై అయిదు గంటలే. ఆ కాలపు అత్యంత వేగవంతమైన పోరాట విమానాల్లో ఒకదాన్ని ఖనిజాల కొరత కట్టిపడేసింది.

గాజు, రబ్బరు, అభ్రకం

పైలట్ చుట్టూ ఉండే పారదర్శక గుమ్మటానికి 1930లలో వచ్చిన యాక్రిలిక్ ప్లాస్టిక్ వాడారు. గాజుకన్నా తేలిక, వేడి చేసి ఏ వంపుకైనా మలచవచ్చు. ముందువైపు మాత్రం పొరలు అతికించిన మందపాటి గాజు ఉండేది. ఇంధన ట్యాంకుకు గట్టిపరచిన రబ్బరు, గట్టిపరచని రబ్బరు పొరలు తొడిగేవారు. తూటా దూరితే పెట్రోలు తగిలి లోపలి పొర ఉబ్బి చిల్లును మూసేసేది.

ఈ జాబితాలో నెల్లూరు ప్రాంతానికి చోటు ఉంది. గూడూరు, రాపూరు ప్రాంతాల అభ్రకం అంతర్జాతీయ విపణిలో పేరున్నది. పలుచని రేకులుగా విడిపోతుంది, విద్యుత్తును పోనివ్వదు, వేడికి చెడదు. విమాన ఇంజిన్ల స్పార్క్ ప్లగ్గుల్లో, రేడియో, రాడార్ పరికరాల కెపాసిటర్లలో అప్పట్లో అది ఎంతో అవసరమయ్యేది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాలకు మేలురకం అభ్రకం ఎక్కువగా భారతదేశం నుంచే వెళ్లింది. గనుల దగ్గర కూర్చుని కత్తితో రేకులు విడదీసిన కూలీల్లో స్త్రీలు ఎందరో ఉన్నారు. విమానం ఎలా ఉంటుందో చూడకపోయినా వారి చేతిపని దాని ఇంజిన్‌లో ఉండేది.

టైటానియం, కర్బన నార

యుద్ధం తర్వాత వేగం శబ్దాన్ని దాటింది. గాలి రాపిడికి పైపొర వేడెక్కి అల్యూమినియం మెత్తబడే చోట్ల టైటానియం వచ్చింది. దాని ముడి ఖనిజం ఇల్మనైట్ శ్రీకాకుళం నుంచి భీమునిపట్నం దాకా మన తీరపు ఇసుకలో ఉంది. ఇసుక నుంచి లోహం తీయడమే కష్టం. వేడి టైటానియం గాలిలోని ఆక్సిజన్‌ను, నైట్రోజన్‌ను పీల్చుకుని పెళుసుబారుతుంది. కాబట్టి శూన్యంలోనో, జడ వాయువులోనో కరిగించాలి.

ఆ తర్వాతి మలుపు కర్బన నార మిశ్రమాలు. రెసిన్ పట్టించిన కర్బన నార పట్టీలను గడ్డకట్టే చలిలో దాచి, అవసరమైనప్పుడు తీసి, భారం వచ్చే దిక్కును బట్టి పొరలు పేర్చి, ఒత్తిడి, వేడి కలిసిన పెద్ద పాత్రలో ఉడికిస్తారు. 2001 జనవరి 4న తొలిసారి ఎగిరిన భారత పోరాట విమానం తేజస్ చట్రం బరువులో సుమారు 45 శాతం ఈ మిశ్రమాలదే, పైపొరలో దాదాపు 90 శాతం అదే. విడి భాగాలను కలిపి ఒకేసారి ఉడికించడంతో వేల రివెట్లు, వాటి బరువు తగ్గాయి. రాడార్ ఉండే ముక్కు భాగానికి మాత్రం కర్బన నార పనికిరాదు, అది రాడార్ తరంగాలను అడ్డుకుంటుంది. తేజస్ రూపకల్పనకు సారథ్యం వహించిన కోట హరినారాయణ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేశారు.

హైదరాబాద్ లోహ కేంద్రాలు

రక్షణ లోహ పరిశోధనశాల 1963 నుంచి హైదరాబాద్‌లో పనిచేస్తోంది. అక్కడి పరిశోధనను పరిశ్రమ స్థాయికి చేర్చడానికి 1973 నవంబరు 20న మిశ్ర ధాతు నిగమ్ ఏర్పడింది. జనం వాడుకలో అది మిధాని. ప్రత్యేక ఉక్కులు, నికెల్ మిశ్రమాలు, టైటానియం మిశ్రమాలు దాని ప్రధాన ఉత్పత్తులు. 1980లలో పరిశోధనశాలకు సంచాలకులుగా ఉన్న పల్లె రామారావు దేశంలో లోహ విజ్ఞానానికి దారి చూపిన వారిలో ఒకరు. కేరళలోని చవరలో 2011లో మొదలైన టైటానియం స్పాంజ్ కర్మాగారానికి సాంకేతికత ఈ పరిశోధనశాలదే.

2021లో రెండు ముఖ్యమైన ఫలితాలు వెలువడ్డాయి. జాగ్వార్, హాక్ విమానాలను నడిపే అడూర్ ఇంజిన్‌కు అధిక పీడన కంప్రెసర్ టైటానియం చక్రాలను 2,000 టన్నుల ప్రెస్ మీద, అచ్చును కూడా లోహంతో సమానంగా వేడి చేసి మలిచే పద్ధతిని పరిశోధనశాల సాధించింది. ముడి లోహాన్ని మిధాని అందించింది. ఆ ఏడాదే పరిశోధనశాల హెలికాప్టర్ ఇంజిన్ కోసం ఏకస్ఫటిక టర్బైన్ రెక్కలను తయారుచేసి హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు 60 రెక్కలు అందించింది. మామూలు లోహంలో స్ఫటికాల సరిహద్దులే వేడిలో ముందుగా జారుతాయి. రెక్క మొత్తాన్ని ఒకే స్ఫటికంగా పెంచితే ఆ సరిహద్దులే ఉండవు. జుమో ఇంజిన్‌ను ఓడించిన సమస్యకు ఇది నేటి జవాబు.

ప్రాముఖ్యం

వందేళ్ల ఈ చరిత్ర చెప్పే ముఖ్యమైన సంగతి ఒకటుంది. విమానపు నమూనాను కొన్నేళ్లలో గీయవచ్చు, కర్మాగారాన్ని అంతకన్నా త్వరగా కట్టవచ్చు. దానికి కావలసిన లోహాన్ని స్వయంగా చేయడం నేర్చుకోవడానికి ఒక తరం పడుతుంది. తేజస్ ఇప్పటికీ అమెరికా ఇంజిన్‌తోనే ఎగురుతోంది. స్వదేశీ కావేరి ఇంజిన్ దాని స్థానంలోకి రాలేకపోవడానికి కారణాల్లో వేడిని తట్టుకునే లోహాల కొరత ఒకటి. మన ఇసుకలో ఖనిజం ఉంది, మన ప్రయోగశాలల్లో పద్ధతి ఉంది. వీటి మధ్య ఉన్న కరిగించే, మలిచే, పరీక్షించే సుదీర్ఘమైన పనిని ఏళ్ల తరబడి ఆపకుండా సాగించడం మీదే రేపటి యుద్ధ విమానం మనదవుతుందా కాదా అన్నది ఆధారపడి ఉంది.